పడవలో పెట్టిన సంతకం

యజ్ఞేశ్వరశాస్త్రిగారిని వేదాంతం అడిగితే ఊళ్ళో తగాదాలు చెబుతారని మా శిష్యుల్లో ఒక నింద ఉంది. నింద నిజమే. అడిగినదానికి సూటిగా బదులు చెప్పిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు.

ఒకనాడు పాఠం మొదలుకాకముందే సోమయాజులు లేచి నిలబడ్డాడు. మాలో నియమాలంటే ప్రాణం పెట్టేవాడు అతడే. చిన్నతనంలో తనకు మంత్రం ఉపదేశించిన పెద్దాయనకు అసలు ఉపదేశించే అర్హతే లేదని, ఆ పెద్దాయన తన గురువు అనుమతి లేకుండానే అందరికీ మంత్రాలు ఇచ్చేశాడని అతనికి ఈమధ్యే తెలిసిందట. ఆనాటినుంచీ జపం మానేశాడు. మనిషి సగమైపోయాడు.

"అధికారం లేనివాడు ఇచ్చింది చెల్లుతుందా గురువుగారూ? నా ఇన్నేళ్ళ జపమూ బూడిదలో పోసిన పన్నీరేనా?" అని అడిగాడు. మాకు నిజంగా జాలివేసింది.

శాస్త్రిగారు తీరిగ్గా పొడుం పీల్చి, ఉత్తరీయంతో ముక్కు తుడుచుకుని, "దొరల కాలంలో మా వైపు ఒక బావి తగాదా జరిగింది, కూర్చో" అన్నారు. సోమయాజులు కూర్చున్నాడు.

కాలవగట్టున ఒక ఊళ్ళో పేరయ్య, బాపన్న అని అన్నదమ్ములుండేవారు. పంపకాలయ్యాక పెద్దవాడు పేరయ్య పెరట్లో అడ్డంగా గోడ పెట్టించాడు. పెట్టిస్తే పెట్టించాడు, ఉమ్మడి బావి కాస్తా పూర్తిగా తనవైపు వచ్చేటట్టు పెట్టించాడు. బాపన్న ఇల్లాలు బిందె చంకనెత్తుకుని కాలవకు పోవలసి వచ్చింది. బాపన్న దావా వేశాడు. అప్పుడక్కడ సోమసుందరం పంతులుగారని తాత్కాలికపు మున్సబు ఉండేవారు. ఆయన కాగితాలు నమ్ముకోకుండా స్వయంగా వచ్చి, బావి చూసి, చేదతో నీళ్ళు తోడించుకుని తాగి, బావి ఇద్దరిదీ, గోడ తీసెయ్యండని తీర్పు చెప్పారు. కోర్టు అమీనా దగ్గరుండి గోడ పడగొట్టించాడు.

పేరయ్యకు తల కొట్టేసినట్టయింది. "నా గోడ నేను మళ్ళీ కట్టకపోతే నా పేరు పేరయ్యే కాదు" అని పైకోర్టుకు పోయాడు. ఆయన వకీలు గుండెలు తీసిన బంటు. తగాదా సంగతి అంటుకోనే లేదు. మున్సబు గారి నియామకాన్ని పట్టుకున్నాడు. ఆ నియామకం చేసిన దొర పొద్దున్నే తన అధికారం వేరే దొరకు అప్పగించి, సాయంత్రం పడవెక్కి పోతూ, మరిచిపోయిన పని గుర్తొచ్చి, పడవలో కూర్చుని సంతకం పెట్టాడట. అధికారం ఒడ్డున వదిలేసి నీళ్ళమీద సంతకం పెడితే చెల్లుతుందా అన్నాడు వకీలు. కొన్నేళ్ళు వాదించి వాదించి, చివరికి పైకోర్టువారు చెల్లదన్నారు. ఆయన మున్సబే కాదు, కనుక ఆ తీర్పు తీర్పే కాదు. ఇక గోడ కట్టుకోవచ్చు.

ఈ కొన్నేళ్ళలో బావి దగ్గర ఏం జరుగుతోందో పేరయ్య పట్టించుకోలేదు. తెల్లవారగానే తోడికోడళ్ళిద్దరూ మడినీళ్ళకు వచ్చేవారు. మడిలో ఉన్నవాళ్ళు ఎవరినీ ముట్టుకోకూడదు గాని, మాట్లాడకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. మొదట చేదల చప్పుడే వినిపించేది. తరవాత దగ్గులు, ఆ తరవాత కూరల సంగతులు, ఆపైన పిల్లల సంగతులు.

పేరయ్య గెలుపు పట్టుకుని, బండెడు ఇటుకలతో, తాపీపనివాళ్ళను వెంటేసుకుని ఇంటికొచ్చాడు. పెరట్లో సరిగ్గా తన గోడ ఉండేచోట పెళ్ళిపందిరి గుంజలు పాతి ఉన్నాయి.

"ఏమిటే ఇది?" అన్నాడు.

"మా అన్నయ్య కొడుక్కి మీ తమ్ముడి కూతుర్ని అనుకున్నాం. మీరు గోడ గొడవలో ఉన్నారని చెప్పలేదు" అంది ఆయన ఇల్లాలు అచ్చమ్మ, పసుపు చేతులు కడుక్కుంటూ.

"ఎవర్నడిగి? రేపే గోడ లేస్తుంది!"

"లేపండి, కాదన్నదెవరు? గోడ లేస్తే మా అన్నయ్య ఈ గడప తొక్కడు, సంబంధం తప్పిపోతుంది. ఒకవేళ తొక్కినా, పెళ్ళికూతురు అటూ పెళ్ళికొడుకు ఇటూ అవుతారు. తమరు గోడెక్కి కూర్చుని అక్షింతలు వేస్తారా?"

తాపీపనివాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. అంతలో బాపన్న కూతురు చెంబుతో నీళ్ళు తెచ్చి, "దాహం పుచ్చుకోండి పెదనాన్నా, ఎండన పడి వచ్చారు" అంది. పేరయ్య చెంబు అందుకుని, అందులో నీళ్ళకేసి ఒకసారి, బావికేసి ఒకసారి చూశాడు. కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే నవ్వొచ్చింది. అదీ మామూలు నవ్వు కాదు, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసే నవ్వు. నీళ్ళు తాగి, తాపీమేస్త్రీని పిలిచి, "ఆ ఇటుకలతో పెళ్ళివంటకు గాడిపొయ్యిలు కట్టండ్రా. ఎన్ని కావాలో మా తమ్ముణ్ణి అడగండి" అన్నాడు.

పందిట్లో మొదటి తాంబూలం సోమసుందరం పంతులుగారికి ఇచ్చారు. పదవి పోయి ఆయన అప్పటికి ప్లీడరీ చేసుకుంటున్నారు. పేరయ్య రెండు చేతులా తాంబూలం పట్టుకుని "మున్సబుగారూ, దయచెయ్యండి" అంటే ఆయన తెల్లబోయారు.

"నేను మున్సబును కానని గెలిచింది మీరే కదండీ!"

"అది కోర్టులో మాటండీ. ఇది మా పెరడు" అన్నాడు పేరయ్య.

శాస్త్రిగారు ఇక్కడికి చెప్పి ఆపేశారు. మేమంతా నవ్వుతున్నాం. సోమయాజులు ఒక్కడే నవ్వలేదు. కథ విన్నాడు గాని తీర్పు వినబడలేదు అతనికి.

"ఇంతకీ ఆ మున్సబుగారు చేసింది చెల్లినట్టా, చెల్లనట్టా గురువుగారూ?"

"చెల్లనట్టే. పైకోర్టువారు విచారించి మరీ చెప్పారు కదా, కాదనడానికి నేనెవణ్ణి?" అంటూ శాస్త్రిగారు పుస్తకం విప్పారు. పాఠం వెతుక్కుంటూ, తల ఎత్తకుండానే అన్నారు:

"ఆ పెళ్ళికూతురు మా అమ్మ. ఇక నేను చెల్లుతానో చెల్లనో నువ్వే తేల్చు నాయనా."