పన్నెండు మణుగుల పరీక్ష

అనగనగా, గిన్నెలు వెండివైనా అంట్లు తోమక తప్పని ఒక రాజ్యం. దాని పేరు కుందనపురం. అక్కడ రాజుగారి వంటశాలలో అంట్లు తోమేది మాణిక్యాంబ. ముప్పై ఏళ్లుగా నేలమీద గొంతుక్కూర్చుని గంగాళాలు తోమీ తోమీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. లేచినప్పుడల్లా "అమ్మా!" అనేది. ఆ కేక పక్కనున్న భోజనశాల దాకా వినిపించేది.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు రాజుగారికి పాలలా తెల్లని పింగాణీ తొట్టి కానుకగా తెచ్చాడు. అడుగున నీళ్లు పోయే కన్నం, దానికో బిరడా.

"దీన్ని గట్టుకు అమర్చితే నిలబడే అంట్లు తోముకోవచ్చు, మహారాజా!" అన్నాడు.

ఆ మాట విని మాణిక్యాంబ తొట్టికే దణ్ణం పెట్టింది.

పని చేయించే భారం రాజుగారి బావమరిది దండపాణి నెత్తిన వేసుకున్నాడు. రాజుగారి బావమరిది అంటే తెలుసుగా! పని రాకపోయినా పెత్తనం బాగా వచ్చు.

మొదటి వడ్రంగి వచ్చాడు. తొట్టి అంచును రాతిగట్టుకు సున్నంతో అతికించాడు. కింద ఏమీ పెట్టలేదు. "సున్నమే పట్టుకుంటుంది" అన్నాడు. మనుషులు చేతులు వదిలారో లేదో, సున్నం పెళ్లలుగా రాలింది, తొట్టి జారిపడింది. తొట్టికి చుట్టి వచ్చిన ఎండుగడ్డిని మాణిక్యాంబ పారేయకుండా కింద పరిచింది గనక సరిపోయింది.

రెండో వడ్రంగి వచ్చాడు. గోడకు రెండు కొయ్యలు దిగగొట్టి, వాటి చివర ముద్దొచ్చే చిలకలు చెక్కి, వాటిమీద తొట్టిని కూర్చోబెట్టాడు. నిలిచింది! దండపాణి చప్పట్లు కొట్టి నీళ్లు పోయించాడు. సగం నిండేసరికి కొయ్యలు కిర్రుమన్నాయి. మాణిక్యాంబ చటుక్కున చెయ్యి ముంచి బిరడా లాగేసింది. నీళ్లు పోయాయి, తొట్టి దక్కింది. చిలకల ముక్కులు మాత్రం విరిగాయి.

రాజుగారికి విసుగొచ్చింది.

"ఇంకొక్కసారి చూద్దాం. అప్పటికీ కుదరకపోతే గుర్రపుశాలకు పంపండి. గుర్రాలైనా నీళ్లు తాగుతాయి."

మాణిక్యాంబ, మళ్లీ నేలేనా, మళ్లీ ఆ నొప్పులేనా అని కొంగుతో కళ్లొత్తుకుంది.

మూడోవాడు సిద్ధాచారి. వస్తూనే, "తొట్టి బరువెంత బాబుగారూ?" అని అడిగాడు.

"ఐదు మణుగులు. తూయించాను" అన్నాడు దండపాణి.

"అది ఖాళీ తొట్టి కదండీ. నీళ్లు పోసి, గంగాళం దించితే ఎంత? పదకొండుకు తగ్గదు."

ఆ మాట అంతవరకూ ఎవరూ అనుకోలేదు. సిద్ధాచారి టేకుదుంగ కోయించి, నేలమీద ఆనేలా నాలుగు కాళ్లు నిలిపాడు. వాటిని కలుపుతూ అడ్డకమ్ములు బిగించి, గట్టి చట్రం కట్టాడు. దానిమీద పళ్లెంతో నీళ్లు పెట్టి మట్టం చూసుకున్నాడు.

"ఇక తొట్టి ఎత్తండర్రా!" అన్నాడు దండపాణి.

"తొందరెందుకు బాబుగారూ? మొన్న తమరు బెల్లంతో తులాభారం తూగారు. ఎన్ని మణుగులు తూగారేం?"

దండపాణి ఛాతీ విరిచాడు. "పన్నెండు! ఊరంతా పంచిపెట్టాం."

"తిన్నాం బాబుగారూ, తియ్యగా ఉంది. మరి చట్రమెక్కి తమరే కూర్చోండి."

దండపాణి మొహం చిన్నబోయింది. అయినా నలుగురూ చూస్తున్నారాయె! మెల్లగా ఎక్కి కూర్చున్నాడు. చట్రం కిక్కురుమనలేదు. భయంతో దండపాణే "అమ్మా!" అన్నాడు.

"ఆ మాట నాది బాబుగారూ!" అంటూ మాణిక్యాంబ పకపకా నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో!

ఆయన్ని దించి, తొట్టిని ఎక్కించారు. అంచు దాకా నీళ్లు నింపారు. మాణిక్యాంబ అన్నిటికన్నా పెద్ద గంగాళాన్ని అందులోకి దించి, నిటారుగా నిలబడి తోమింది. తొట్టి కదల్లేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పూట రాజుగారు భోజనం చేస్తూ చేస్తూ ఆగి, చెవి ఒగ్గి విన్నారు.

"ఏమిటి, ఇవాళ కేక వినబడదు! మాణిక్యాంబ పనిలోకి రాలేదా?"

"వచ్చింది మహారాజా," అన్నాడు వడ్డించేవాడు, "నిలబడి ఉంది."

కనుక పిల్లలూ, దేనికైనా ఆసరా కట్టేటప్పుడు ఖాళీగా ఉన్నప్పటి బరువు కాదు, నిండినప్పటి బరువు చూసుకోవాలి.