మట్టి కింది గది

బురాన్ షా ఇక ఎన్నాళ్లో ఉండడని అందరికీ తెలిసిపోయింది. శిష్యుడు జిలానీకి మాత్రం ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది. ఫకీర్లుండే ఆ తకియాలో గురువు పోయేముందు శిష్యుడి చెవిలో ఒక మాట చెప్పి పోవడం ఆనవాయితీ. బురాన్ షా ఆ ఊసే ఎత్తడం లేదు.

ఊరికే కూర్చోలేక జిలానీ సమాధికి జాగా సిద్ధం చేయసాగాడు. వంకాయ మడి పక్కనున్న వట్టి నేలను చదును చేసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, పైన సున్నం కలిపిన మట్టి మెత్తాడు. సగం నేల పూర్తయింది.

మంచం మీంచి బురాన్ షా చూశాడు.

"అప్పుడే పాతేస్తావట్రా?"

"చెప్పాల్సింది తప్ప అన్నీ తొందరగానే కానిస్తున్నారుగా బాబా."

ముసలాయన నవ్వబోయి దగ్గాడు. "నన్నక్కడికి తీసుకెళ్లు."

జిలానీ ఎత్తుకెళ్లి కూర్చోబెట్టాడు. మెత్తిన మట్టి మీద చిన్న చిన్న తేనెటీగలు వాలుతున్నాయి, లేస్తున్నాయి, మళ్లీ అక్కడే వాలుతున్నాయి. కాళ్లనిండా పసుపు పుప్పొడి.

"ఇవి తేనె పెట్టే రకం కాదు బాబా. దండగ ఈగలు."

"నీ వంకాయ పూతను పట్టుకుని జుమ్మని ఊపి, కాయ కట్టించేది ఇవే. వీటి ఇళ్లు నువ్వు మూసిన నేలలో ఉన్నాయి. మెత్తిందంతా పగలగొట్టు. నన్ను గోడ పక్కన పెడుదువుగాని."

జిలానీ గునపం అందుకున్నాడు. పెచ్చులు లేపాడు. కింద సన్నటి బెజ్జం కనిపించింది.

"లోపల ఏముంది?"

"తవ్వకురా."

అప్పటికే గునపం దిగింది. కుండ లోపలి గోడలా నున్నటి చిట్టి గది విచ్చుకుంది. అందులో పుప్పొడి ముద్ద, దాని మీద వంకర తిరిగి పడుకున్న తెల్లటి పురుగు.

"దీని తల్లేది బాబా?"

"తిండి పెట్టి, గుడ్డు పెట్టి, తలుపు మూసింది. ఇది రెక్కలొచ్చి బయటికొచ్చేనాటికి తల్లి ఉండదు."

"మరి దీనికి ఎగరడం ఎవరు చెప్తారు?"

ఎండ తగిలి పురుగు మెల్లగా ముడుచుకుంది.

జిలానీ గాభరాగా దోసిట్లోకి మట్టి తీసుకున్నాడు. "మూసేస్తే బతుకుతుందా?"

"తెరిచేశావుగా."

ఆ వారంలోనే బురాన్ షాకు ఊపిరి చివరికొచ్చింది. జిలానీని చూసి పెదవులు కదిపాడు. వచ్చినవాళ్లంతా, "వంగరా, చెవి పెట్టరా!" అని తొందరపెట్టారు.

జిలానీ వంగలేదు. గురువు చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని అలాగే కూర్చున్నాడు.