ముగ్గుపిండితో గీసిన వంటిల్లు

"మాస్టారూ, మనిషి కారణం చెప్పకుండా ఒకే మాట పట్టుకుని కూర్చుంటే, అది మొండితనమో అవసరమో కనిపెట్టేదెలా?" అని నీలవేణి అడిగింది.

రాఘవులు మాస్టారు ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. నలభై ఏళ్ళు ఇళ్ళు కట్టించి, కళ్ళు మసకబారాక ఆ పని మానుకుని, పాలకొల్లులో తన ఇంటి మేడ మీద మాలాంటి వాళ్ళకి ప్లాన్లు గీయడం నేర్పేవారు. మాలాంటి వాళ్ళంటే పాలిటెక్నిక్ చదివి, కంప్యూటర్లో ఇల్లు గీయడం వచ్చి, ఇంట్లో మనుషులు ఎలా తిరుగుతారో మాత్రం తెలియని వాళ్ళం. ఎవరైనా చిక్కు తెస్తే ఆయన కాగితం వైపు చూసేవారు కాదు. ఆ గదిని ఉన్నది ఉన్నట్టు అదే కొలతతో మేడ మీద ముగ్గుపిండితో గీయించి, ఆ ఇంటివాళ్ళనే పిలిపించి, అందులో కాసేపు పని చేయించేవారు. ఆ వీధికి ఇదో వినోదం. పక్క మేడ మీద వడియాలు పెట్టుకునే ఆడవాళ్ళు చేతిలో పని ఆపి మరీ మా ముగ్గు ఇళ్ళని చూసి నవ్వుకునేవారు.

నీలవేణి తెచ్చిన చిక్కు ఒక సింకు. బట్టల కొట్టు జగన్నాథం గారు కట్టుకుంటున్న కొత్త ఇంట్లో వంటింటి మధ్యన ఒక గట్టు వస్తోంది. ప్లాన్లో దాని పేరు ఐలాండు. తాపీ పనివాళ్ళు నడి గట్టు అంటున్నారు, నాకూ ఆ మాటే నచ్చింది. పొయ్యి ఎక్కడో తేలిపోయింది, ఫ్రిజ్ ఎక్కడో తేలిపోయింది. అంట్లు తోముకునే సింకు మాత్రం తేలలేదు. దాన్ని గోడకి, కిటికీ కింద పెట్టమని జగన్నాథం గారు. కాదు, నడి గట్టు మీదే ఉండాలని ఆయన భార్య రత్నమాల గారు. వాస్తు చూసే ఆయన వచ్చి, దిక్కులన్నీ చూసి, రెండు చోట్లూ దివ్యంగా ఉన్నాయని చెప్పి వెళ్ళిపోయాడు. ఒకటి పనికిరాదని అని ఉంటే అందరం బతికిపోయేవాళ్ళం.

జగన్నాథం గారి మాటల్లో న్యాయం లేకపోలేదు. గోడకైతే నీటి గొట్టం పక్కనే ఉంది. నడి గట్టు దాకా నేల కింద నుంచి గొట్టం తీసుకెళ్తే, అది పూడుకుపోయిన నాడు వంటింటి నేల తవ్వుకోవాలి. పైగా హాల్లో కూర్చున్న వాళ్ళ కంటికి ఎదురుగా అంట్ల గిన్నెలు కనిపిస్తాయి. ఇవన్నీ ఆయన చెబితే ఆవిడ చూస్తూ విని, తల ఊపి, "అయినా సరే, అక్కడే ఉండాలి" అంటారు. ఎందుకమ్మా అంటే చెప్పరు. నీలవేణి అటు మార్చి, ఇటు మార్చి ఏడు ప్లాన్లు గీసింది. సోమవారం వంటింటి నేలకి కాంక్రీటు వేస్తారు. ఈలోపు గొట్టం దారి తేలకపోతే పని ఆగిపోతుంది.

అసలు సంగతి అంతకన్నా పెద్దది. ఐదో ప్లాను చూపించిన రోజున, భార్య పక్కన లేకుండా చూసి జగన్నాథం గారు నీలవేణి దగ్గర మనసు విప్పారట.

"నీకు చెప్పుకోవచ్చో లేదో గానమ్మా, ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడి రెండేళ్ళయింది. ఎదురుపడి అడిగితే ఏదో ముక్తసరిగా చెప్తాది. వెనక నుంచి పిలిస్తే పలకదు. నేను నోరు తెరిస్తే టీవీ గొంతు పెంచుతాది. కొట్టుకి రావడం కూడా మానేసింది. ఈ సింకు గొడవ కూడా నన్ను సాధించడానికేనేమో. ఒక్కోసారి ఇల్లు ఇక్కడితో ఆపేద్దామనిపిస్తాది. కొత్తింట్లోకెళ్ళి మాత్రం ఇద్దరం చెరో మూల కూచోడమేగా."

ఆవిడ కోపానికి కారణం ఏమిటో కూడా ఆయనే చెప్పారు. రెండేళ్ళ కిందట బావమరిది ఇంట్లో, నలుగురూ భోజనానికి కూర్చున్నప్పుడు ఏదో మాట పట్టింపు వచ్చి, ఈయన విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశారు. వడ్డించిన అన్నం ముందు నుంచి లేచిపోవడమంటే మన వైపు చిన్న విషయం కాదు. పుట్టింటికి జరిగిన ఆ అవమానం ఆవిడ మనసులో గడ్డకట్టిపోయిందని ఆయన నమ్మకం. "దాన్ని సరిచేసుకోడానికి నేను చెయ్యాల్సింది చేశాను. లాభం లేకపోయింది" అని కూడా అన్నారట. ఏం చేశారో మాత్రం చెప్పలేదు.

ఇదంతా మాస్టారికి విన్నవించి నీలవేణి ఆ ప్రశ్న అడిగింది. ఆయన గోడకి చేరగిలబడి, "ఆదివారం పొద్దున్నే ఇద్దరినీ రమ్మను. కడగడానికి ఓ డజను గ్లాసులు పట్టుకురా" అన్నారు. ఇది జవాబేనా అన్నట్టు ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను ముగ్గుపిండి డబ్బా వెతకడానికి లేచాను.

ఆదివారం పొద్దున వంటిల్లు నేనే గీశాను. నాలుగు గోడలకి నాలుగు గీతలు. మేడ పిట్టగోడకి ఉన్న కుళాయి గోడ సింకు అయింది. మధ్యలో రెండు బల్లలు జోడించి, మీద ప్లాస్టిక్ తొట్టి పెట్టి, రబ్బరు గొట్టం లాగితే నడి గట్టు తయారైంది. హాలు వైపు గోడ ప్లాన్లో నడుము ఎత్తే, ఆ గీతకి అవతల హాలు. అక్కడ కుర్చీ వేసి, చేతికి ఆ రోజు పేపరిచ్చి, జగన్నాథం గారిని కూర్చోబెట్టాం.

"నేనిక్కడ కూచుని ఏం చెయ్యాలండీ?" అన్నారాయన ఇబ్బందిగా.

"ఇంట్లో ఏం చేస్తారో అదే" అన్నారు మాస్టారు.

మన ఇళ్ళల్లో ఆలుమగలు మాట్లాడుకునే తీరు ఒకటుంది. ఆయన హాల్లో పేపరు వెనక నుంచి ఒక మాట వంటింట్లోకి విసురుతాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే దానికి బదులిస్తుంది. ముఖాలు చూసుకుని మాట్లాడుకోవడం పెళ్ళిచూపులతోనే అయిపోతుంది. మా అమ్మానాన్నా అంతే, నేనూ అంతే, ఇందులో ఎవరినీ అనడానికి లేదు.

రత్నమాల గారు కొంగు బిగించి కుళాయి దగ్గర నిలబడ్డారు. గ్లాసుల మీద నీళ్ళు జోరుగా పడుతున్నాయి. జగన్నాథం గారు పేపరు లోంచి తల ఎత్తకుండా, అలవాటు కొద్దీ, "ఇదిగో, కొట్టు తాళాలెక్కడ పెట్టావు?" అన్నారు. ఆవిడ పలకలేదు. ఇంకొంచెం గట్టిగా అడిగారు. ఆవిడ గ్లాసు తిప్పి రెండో వైపు తోముకుంటున్నారు. ఆయన పేపరు దించి మా వైపు చూశారు. నలుగురిలో చిన్నబోయిన మనిషి చూపు అది. నీలవేణి తల దించేసుకుంది. నాకైతే ఆవిడ మీద చచ్చే కోపం వచ్చింది, దాచుకోవడం దేనికి.

మాస్టారు ఆవిడని నడి గట్టు దగ్గరికి రమ్మన్నారు. ఇక్కడ ఆవిడ ముఖం హాలు వైపు ఉంది. గొట్టం లోంచి నీళ్ళు అంత జోరుగానూ తొట్టిలో పడుతున్నాయి. అదే మాట మళ్ళీ అడగమని జగన్నాథం గారికి సైగ చేశారు.

"కొట్టు తాళాలెక్కడ పెట్టావు?"

"మీ చొక్కా జేబులోనే ఉన్నాయి కదండీ. పొద్దున్న మీరే వేసుకున్నారు" అన్నారు ఆవిడ, అడిగీ అడగకముందే. ఆయన జేబు తడుముకున్నారు. తాళాలు ఉన్నాయి.

నీలవేణి ముఖం వెలిగిపోయింది. ఎదురుబొదురుగా ఉంటే కోపం కరుగుతుందనుకుని కాబోలు, పెన్సిల్ తీసి ఎనిమిదో ప్లానుకి సిద్ధమైపోయింది. మాస్టారు ఆగమన్నట్టు చెయ్యి చూపి, జగన్నాథం గారి చేతిలో పేపరుని మెల్లగా పైకి లేపి ఆయన నోటికి అడ్డం పెట్టారు. "ఇప్పుడు ఏదైనా అడగండి" అన్నారు, ఆయనకే వినపడేటంత చిన్నగా.

"ఇవాళ మధ్యాహ్నం ఏం కూర?" అన్నారు జగన్నాథం గారు పేపరు వెనక నుంచి. పక్క మేడ మీద వాళ్ళకి కూడా వినపడింది.

ఆవిడ బదులు చెప్పలేదు. చెప్పకూడదని కాదు. తననేదో అడిగారని మా అందరి చూపులూ ఆవిడకి చెబుతున్నాయి. ఆవిడ ఆ పేపరు వంక చూశారు, నా వంక చూశారు, నీలవేణి వంక చూశారు. ఏదో ఒక ముఖంలో ఆ మాట దొరుకుతుందేమోనని వెతుక్కుంటున్నారు. చేతిలో గ్లాసు నిండి నీళ్ళు పొర్లిపోతున్నా తెలియలేదు. పక్క మేడ మీద కూడా ఎవరూ నవ్వలేదు. అంతకు ఒక్క నిమిషం ముందు నాకు వచ్చిన కోపం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాస్టారు వెళ్ళి నీళ్ళు కట్టేశారు. ఆవిడ ఎదుటికి వచ్చి నిలబడి, నిదానంగా, "ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగారు.

"రెండేళ్ళు దాటిందండి" అన్నారావిడ. "ముందు కుడి చెవి. తర్వాత రెండోది కూడా. మనిషి ముఖం చూస్తే మాట తెలిసిపోతాదండి. వెనక నుంచైతే కష్టం. నీళ్ళు పడుతుంటే ఇక చెప్పక్కర్లేదు, వెనక మనిషున్నట్టు కూడా తెలీదు."

జగన్నాథం గారు లేచి నిలబడ్డారు. పేపరు ఎక్కడ పడిందో ఆయన చూసుకోలేదు. "మరి నాతో చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పనండీ? కొట్లో వాళ్ళడిగేది ఒకటి, నేను తీసి చూపించేది ఒకటి. ఓ రోజు మన కొట్లో పనిచేసే ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వేరు. జగన్నాథం గారి పెళ్ళాం చెవిటిదంటే మీకెలా ఉంటాది? అందుకే రావడం మానేశాను. కొత్తింట్లో ఆ సింకొక్కటి మీ వైపు తిరిగుంటే, ఎవరికీ తెలీకుండా నెట్టుకొచ్చేద్దామనుకున్నాను. అంట్ల దగ్గరేగా నేను రోజల్లా ఉండేది."

ఆయన ఇంకేదో గుర్తొచ్చినట్టు అలాగే నిలబడిపోయారు. "అయితే ఆ రోజు కూడా..." అని ఆగిపోయారు.

"ఏ రోజండీ?"

"మీ అన్నయ్య ఇంటి నుంచి వచ్చిన నెలకి. నువ్వు అంట్లు తోముకుంటున్నావు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాను. నువ్వు వెనక్కి తిరిగి కూడా చూడలేదు."

"ఏం చెప్పారు?"

ఆయన మా వంక చూశారు, పక్క మేడ వంక చూశారు. అంత పెద్దమనిషి, పది మందిని పనిలో పెట్టుకున్న మనిషి, బడిలో పద్యం అప్పజెప్పలేని పిల్లాడిలా నిలబడ్డారు. తర్వాత ఏమనుకున్నారో, నేను అంత జాగ్రత్తగా గీసిన గోడని తొక్కుకుంటూ వంటింట్లోకి నడిచి వచ్చి, బల్లలకి ఇవతల ఆవిడకి ఎదురుగా నిలబడ్డారు.

"తప్పు నాదేనన్నాను. అన్నం ముందు నుంచి లేవకుండా ఉండాల్సిందన్నాను. మీ అన్నయ్య కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటానన్నాను. నువ్వు గిన్నె తోముతూనే ఉన్నావు. ఇక ఈ జన్మకి క్షమించదులే అనుకున్నాను."

రత్నమాల గారు ఆయన పెదాల వంకే చూస్తూ ఆ మాటలన్నీ ఒక్కటీ పోకుండా తీసుకున్నారు. ముందు ఆవిడ కళ్ళు నిండాయి. అంతలోనే నవ్వు వచ్చేసింది.

"ఆ గొడవా? దాన్ని నేనెప్పుడో మర్చిపోయానండి! అన్నయ్య అయితే ఆ మర్నాడే, బావకి పెరుగు దాకా ఓపిక లేదని నవ్వాడు. నాకు వినపడట్లేదని మీకు తెలిసిపోయి, విసుగెత్తి మీరే నాతో మాట్లాడడం తగ్గించేశారనుకున్నాను నేను."

అమ్మయ్య అనిపించింది నాకు. ఆ మాట పైకే అన్నానేమో కూడా, నీలవేణి నా మోచెయ్యి గిల్లింది. కోపమనేదే లేని ఇంట్లో ఇద్దరు మనుషులు రెండేళ్ళ పాటు ఒకరి కోపానికి ఒకరు భయపడుతూ బతికారు. ఇప్పుడు బల్లలకి అటొకరూ ఇటొకరూ నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. వడియాలు పెట్టుకునే వాళ్ళలో ఒకావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. జగన్నాథం గారి ముఖం చూస్తే ఆయన వయసు ఐదేళ్ళు తగ్గినట్టుంది.

ఆ తర్వాత అంతా హడావిడి. రేపే భీమవరం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామన్నారు ఆయన. అయితే ఇక సింకు గోడకే పెట్టించెయ్యండి, నేల కింద గొట్టం దేనికన్నారు ఆవిడ. కుదరదు, నడి గట్టు మీదే ఉండాలన్నారు ఆయన. మీరన్నదే న్యాయంగా ఉందండీ అని ఆవిడ. న్యాయం గంగలో కలవనీ అని ఆయన. అలా దెబ్బలాడుకుంటూనే మెట్లు దిగారు. ఆయన ముందు దిగుతూ, మాట అన్నప్పుడల్లా ఆగి, ఆవిడ వైపు తిరిగి ముఖం పైకెత్తి అంటున్నారు. "ముందు చూసి దిగండి మహానుభావా, పడితే మళ్ళీ ఆ డాక్టరు వేరే" అన్న ఆవిడ మాట కింది మెట్ల దగ్గర్నుంచి కూడా వినపడింది.

నీలవేణి తన ఏడు కాగితాలూ పట్టుకుని మేడ మధ్యలో నిలబడి ఉంది. "మాస్టారూ, మళ్ళీ మొదటికొచ్చింది. వాళ్ళు మాటలు మార్చుకున్నారు గానీ తేలింది ఏమీ లేదు. సోమవారానికి సింకు ఎక్కడ గీయమంటారు?"

మాస్టారు ఆ కాగితాల వైపు చూడలేదు. చెరిగిపోయిన గోడ నుంచి బల్లల దాకా జగన్నాథం గారి అడుగులు తెల్లగా పడి ఉన్నాయి. బల్లల ముందు, ఆవిడకి ఎదురుగా ఆయన నిలబడ్డ చోట, రెండు పాదాల గుర్తులు పక్కపక్కన ఉన్నాయి. మాస్టారు వాటిని చూపించారు.

"ఏడు ప్లాన్లలోనూ అవి లేవమ్మాయ్. ముందు అవి గీసుకో."