మోటారెయ్యండో ఓనరమ్మగారో

ఒరేయ్, నమ్మితే నమ్మండి, లేదంటే గ్రూపులోంచి లేచిపోండి. నాకింకా మైండ్ బ్లాకే. అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టే కొడుతున్నా, ఊ కొట్టండి. ఉత్త నీలం టిక్కులు చాలవు.

అనగనగనగా ఒక ఊళ్ళో వెంకాయమ్మ అని ముసలావిడ. ఆవిడకున్నదల్లా ఒక ఇల్లు, ఒక కోడలు ఝాన్సీ. అత్తాకోడళ్ళు పైగదిలో ఉంటూ కింద వాటా పానకాలు అనేవాడికి అద్దెకిచ్చారు. కాగితం లేదు, కలం లేదు. మనోడేగా అందంట ముసలావిడ. అదే కొంప ముంచింది.

మోటారు స్విచ్చేమో పైగదిలో. తెల్లారితే వీడు కుళాయి తిప్పుతాడు, నీళ్ళు రావు, తల పైకెత్తి అరుస్తాడు: "ఓనరమ్మగారో, మోటారెయ్యండో". ఆవిడ లేచి వేస్తుంది. కుళాయి, కేక, మోటారు. కుళాయి, కేక, మోటారు. తొమ్మిదేళ్ళు రా బాబూ. ఊ?

ఒకరోజు ఝాన్సీ వెళ్ళి, వాటా మాకు కావాలి, ఖాళీ చెయ్యన్నా అంది. వాడేమన్నాడో తెలుసా? కూర్చునే ఉన్నారా? నేనెప్పుడు అద్దెకున్నాను, మీ మామగారు పోయేముందు ఇల్లు నాకమ్మేశాడు, మీరే నా దయ మీద పైనుంటున్నారు అని. దొంగ కాగితం కూడా పుట్టించాడు. పైగా కేసు వేసింది కూడా వాడే, వీళ్ళని గెంటెయ్యమని. వాడే రా. వాడే.

ఇక కోర్టు. వీళ్ళెళ్తే వాయిదా. వాయిదాకెళ్తే లాయరు లేడు. లాయరొస్తే జడ్జి సెలవు. జడ్జి వస్తే ఫైలు కనపడదు. ఫైలు దొరికితే మళ్ళీ వాయిదా. ఓడితే ముసలావిడ సామాన్లు రోడ్డు మీదే.

కానీ ఝాన్సీ ఒకటి కనిపెట్టింది. ప్రతి వాయిదాకీ వీడు కిళ్ళీ నములుతూ వస్తాడు, జడ్జిగారు పుక్కిలించి రమ్మంటారు, కుళాయేమో కోర్టు హాలు గుమ్మం పక్కనే. ఆ రోజు పొద్దున్నే వెళ్ళి కుళాయి కింద వాల్వు కట్టేసింది. అంతే. ఇంకేం చెయ్యలేదు.

పానకాలు వచ్చాడు. జడ్జిగారు పొమ్మన్నారు. నోటినిండా ఎర్రగా వెళ్ళి కుళాయి తిప్పాడు. బుస్సుమంది. గాలి తప్ప చుక్క లేదు. తూ అని ఉమ్మి, తల పైకెత్తి ఒక్క అరుపు:

"ఓనరమ్మగారో, మోటారెయ్యండో!"

కోర్టులో రాస్తున్నాయన పెన్ను గాల్లోనే ఉండిపోయింది. అసలు షాక్ ఇది కాదు రా. లోపల కూర్చున్న వెంకాయమ్మ "వస్తున్నా నాయనా" అంటూ లేచి, స్విచ్చు కోసం గోడ తడుముతోందంట.

జడ్జిగారు ఈవిణ్ణి చూశారు, వాణ్ణి చూశారు. కళ్ళజోడు తీశారు.

"ఏమయ్యా పానకాలూ, ఓనరమ్మెవరు?"

వాడి లాయరే ముందు ఫైలు మూసేశాడు. ఇల్లు వెంకాయమ్మదే అన్నారు, వాటా ఖాళీ చేయించారు. కొత్తగా దిగినవాళ్ళతో ఝాన్సీ ముందు కాగితం రాయించి, తర్వాతే తాళంచెవి ఇచ్చింది. మీరూ అంతే చెయ్యండి, మనోడే అయినా సరే.

కథ కంచి బస్సెక్కేసింది, ఇక మనం

ఆగండ్రా, అమ్మ అరుస్తోంది, మా ట్యాంకు పొంగి మెట్ల మీదకొస్తోందంట, మోటారు ఆపడం మర్చిపో