తూము గట్టు మీద మంత్రిగారు

ఏటి ఒడ్డునున్న ఒక రాజ్యంలో నూనె గానుగలన్నీ ఒకే నీటిచక్రంతో తిరిగేవి. చక్రం చప్పుడు విని తూము తలుపు ఎత్తడం, దించడం రేవులమ్మ పని. రాజుగారు గానుగలు రెట్టింపు చేశాక చక్రం అదుపు తప్పసాగింది.

"ముసలి తూము, ముసలి బుర్ర! రెండూ పీకేసి కొత్తవి పెడదాం ప్రభూ," అన్నాడు మంత్రి గజపతయ్య. అదే జరిగితే కొత్త తూము కట్టేదాకా గానుగలు మూతపడతాయి, రేవులమ్మ వీధిన పడుతుంది.

రాజు మంత్రిని వెంటబెట్టుకుని స్వయంగా చూడడానికి వచ్చాడు. రేవులమ్మ తూము తలుపు మీట పట్టుకుని చెవి చక్రం మీదే పెట్టింది.

"ఏమే, చక్రం ఎలా తిరుగుతోంది?" అన్నాడు మంత్రి. పొద్దుటి నుంచి ఆయన భటులు వచ్చి వచ్చి అడిగిందీ అదే.

"అయ్యా, నాకున్నది ఒక్క బుర్ర. నీళ్లు చూడనా, మీకు బదులు చెప్పనా?"

"ముందు నాకు చెప్పు!"

"చిత్తం." రేవులమ్మ మీట వదిలేసి, చేతులు కట్టుకుని, చక్రం పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకుంది. నీళ్లు ఉరికాయి. చక్రం రంకె వేసింది. మంత్రిగారి పట్టుపంచె మోకాళ్లదాకా తడిసింది.

"మీట పట్టుకోవే!"

"ఇంకా చెప్పడం అవలేదయ్యా."

"చెప్పొద్దు! పట్టుకో!"

పట్టుకుంది. చక్రం దారికొచ్చింది. రాజు నవ్వాపుకుని, "మరి దారేమిటమ్మా?" అన్నాడు.

"తూమూ గట్టిదే, నా బుర్రా గట్టిదే ప్రభూ. గానుగలు పెరిగినప్పటి నుంచి సగం బుర్ర మీ కచేరీకి జవాబులు చెప్పడానికే పోతోంది. ఆ పనికి వేరే మనిషిని కూర్చోబెట్టండి. అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసేవారైతే మరీ మంచిది."

మర్నాటి నుంచి గానుగలన్నీ ఆగకుండా తిరిగాయి. గట్టు మీద ముక్కాలిపీట వేసుకున్న గజపతయ్య మాత్రం వచ్చిన ప్రతి భటుడి మీదా అరుస్తూనే ఉన్నాడు: "బాగానే తిరుగుతోందిరా, పో!"