ఎర్రక్కకు చేసిన మర్యాద

కోతలైపోయి ధాన్యం ఇళ్లకు చేరాక, ఎరువు కోసం పొలాల్లో మంద కట్టడానికి అనంతపురం వైపు నుంచి కృష్ణా డెల్టాకు ఓ గొర్రెల మంద వచ్చింది. ముందు నడిచేది ఎర్రక్క. ఆమె ఎటు అడుగేస్తే వెనకున్న నలభై మందీ అటే వేస్తారు. ఎందుకని అడిగే అలవాటు ఆ వంశంలోనే లేదు. అందుకని పాపం ఎర్రక్కే అందరి తరఫునా ఆలోచించేది.

కాలవ పక్క బురదగుంటలో నల్లమ్మ అనే గేదె మెడదాకా మునిగి ఉంది. గేదెల్లో ఇంటికొచ్చిన చుట్టానికి బురదలో తన పక్కన చోటివ్వడాన్ని మించిన మర్యాద లేదు. "ఎండన పడి వచ్చారు, దిగండి వదినగారూ," అంటూ పక్కకు జరిగింది.

ఎర్రక్క గట్టునే ఆగిపోయింది. వాళ్ల ఊళ్లో నీళ్లు తాగడానికే చాలవు, అందులో పడుకునేవాళ్లను ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒళ్లంతా బొచ్చు. అది తడిసి బురద పట్టిందంటే ఇక లేవడం ఉండదు. పైగా తను దిగితే నలభై మందీ దూకేస్తారు. కాదందామంటే పరాయి ఊరు, మొదటి రోజు. మేసి వస్తానని చెప్పి అప్పటికి తప్పించుకుంది.

తుమ్మచెట్ల చాటు నుంచి ఇదంతా చూసిన గుంటనక్క సింగన్న ఆమె దగ్గరికి వచ్చాడు. ఏ జాతి ఆచారమైనా తనకు కొట్టిన పిండి అని చెప్పుకు తిరిగే పెద్దమనిషి. గేదెలు పిలిచినప్పుడు దిగకపోతే మొహం మీద ఉమ్మినట్టేనని, కిందటేడు కాదన్న మేకకు కొమ్ముతో పొట్ట చీల్చేశారని చెప్పాడు. గట్టున తానుంటానుగా, భయం లేదన్నాడు. బురదలో కూరుకుపోయే నలభై ఒక్కమందిలో ఎవరితో మొదలుపెట్టాలా అని లోలోపల లొట్టలేస్తున్నాడు.

అక్కణ్నుంచి ఎర్రక్కకు తెలియకుండా నల్లమ్మ దగ్గరికెళ్లి ఇంకో పాఠం చెప్పాడు. గొర్రెలు మహా మొహమాటస్తులట. మూడుసార్లు వద్దన్నారంటే కావాలని అర్థమట. ఆ తర్వాత కొమ్ముతో తోసి దింపడమే వాళ్లకు గౌరవమట. నల్లమ్మ శ్రద్ధగా విని, మూడు మర్చిపోకుండా రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

మధ్యాహ్నం కాపరి కునుకు తీసే వేళకు ఎర్రక్క మందతో సహా సింగన్న వెంట గట్టుకు వచ్చింది. మూడుసార్ల లెక్కకు సిద్ధమై నల్లమ్మ కొమ్ములు వంచి పైకి వచ్చింది. మేక కథ గుర్తొచ్చి, కాసేపైనా బతుకుదామని ఎర్రక్క నోటికొచ్చిన మాట అనేసింది.

"మాకూ ఒక ఆచారం ఉండాది వదినా. ఆచారం చెప్పి పిలుచుకొచ్చినోళ్లు ముందు దిగల్ల. ఈ నక్కప్ప దిగితే ఆ పైన నేను దిగుతా."

సింగన్న మొహంలో నవ్వు పోయింది. "నాకెందుకండీ, వద్దు," అన్నాడు. నల్లమ్మ ముచ్చటగా చూసింది. "వద్దులే వదినా," అన్నాడు. నల్లమ్మ ఇంకో అడుగు దగ్గరికొచ్చింది. "వద్దంటే వినవేం?"

"మూడయ్యాయి," అంది నల్లమ్మ. "గొర్రెలతో తిరిగి మీకూ వాళ్ల మొహమాటం అంటుకుందండీ." ఎంతో గౌరవంగా కొమ్ములతో ఒక్క తోపు తోసింది.

సింగన్న మెడదాకా దిగబడ్డాడు. కొట్టుకున్నకొద్దీ ఇంకా కూరుకుపోతుంటే, మూడుసార్ల లెక్కా, మేక కథా తానే కల్పించానని, పైకి లాగమని మొత్తం కక్కేశాడు.

ఎర్రక్క అప్పుడు నల్లమ్మ వైపు తిరిగింది. "తప్పనుకోవద్దు వదినా. ఈ బొచ్చుతో ఆడ దిగితే మేమంతా సచ్చిపోతాం."

"ఆ ముక్క పొద్దున్నే చెబితే సరిపోయేది కదండీ. నేనేమన్నా అనుకుంటానా?" అంది నల్లమ్మ. నోరు తెరిచి అడగనందుకు ఎర్రక్కకు సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం ఒకరు గట్టునా, ఒకరు బురదలోనూ కూర్చుని తీరిగ్గా నెమరేసుకున్నారు. ఆ పని ఇద్దరూ ఒకేలా చేస్తారని అప్పుడే తెలిసింది. సింగన్న బతిమాలినప్పుడల్లా నల్లమ్మ "మొహమాటపడకండి, ఇంకాసేపు ఉండండి," అంటూ పొద్దుగూకేదాకా మర్యాద చేసి, అప్పుడు కొమ్ముతో పైకి లాగి పంపింది.

ఎదుటివాళ్ల ఆచారం వాళ్లనే అడగాలి. మధ్యలో దూరినవాడు తన ఆకలినే ఆచారమని చెబుతాడు.