గవర్రాజు ఎత్తని వేలు

అనగనగా ఓ కాలవ. కాలవకి ఇటో ఊరు, అటో ఊరు. ఊఁ కొట్టు మరి, నువ్వు ఊఁ కొట్టకపోతే నాకు కథ నడవదు. ఇటు ఊళ్ళో గవర్రాజని ఒక కుర్రాడు, అటు ఊళ్ళో బుల్లబ్బాయి. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. ఒకడి క్యారేజీలో కూర ఇంకొకడు లాక్కుని తినేవాడు. వరి కోతలై చేలెండితే చాలు, కొబ్బరిమట్టతో బ్యాటు చేసుకుని పొద్దుగూకేదాకా క్రికెట్టే.

ఒక ఏడు రెండూళ్ళకీ పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళకి ఇంత పెద్ద స్టీలు బిందె. అంపైర్లంటూ విడిగా ఎవరుంటారమ్మా అక్కడ? ఏ ఊరు బ్యాటింగ్ చేస్తే ఆ ఊరి కుర్రాడే నిలబడాలి, అదీ పద్ధతి. అప్పుడు గవర్రాజు నిలబడ్డాడు. వాళ్ళ ఊరికి చివరి వికెట్టు, ఇంకా రెండు పరుగులు కావాలి.

బుల్లబ్బాయి బంతి వేశాడు. అది బ్యాటుకి టిక్కుమని తగిలి, వెనకాలవాడి చేతుల్లో పడింది. ఔటే! ఆ చప్పుడు గవర్రాజు చెవిన శుభ్రంగా పడింది. బుల్లబ్బాయి రెండు చేతులూ ఎత్తి వాడి వంకే చూశాడు. గవర్రాజు వేలెత్తాలిగా? ఎత్తలేదు. "నాకేం వినపడలేదు" అన్నాడు. ఏం మాయరోగమో!

ఆ తర్వాతి బంతికి రెండు పరుగులూ వచ్చేశాయి. ఊరివాళ్ళు బిందె తెచ్చి, నీ వల్లే గెలిచాం, నీ దగ్గరే ఉంచుకోమని గవర్రాజు చేతికే ఇచ్చారు. వెళ్ళిపోతూ బుల్లబ్బాయి ఒక్కటే అన్నాడు. "నీకు వినపడిందిరా." అంతే, మళ్ళీ మాట్లాడితే ఒట్టు.

పోనీలే అనుకున్నాడు గవర్రాజు. కానీ పోలేదు. ఇంట్లో ఆ బిందె కనపడినప్పుడల్లా గుండెలో కలుక్కుమనేది. వాడికి స్నేహితుడు కావాలి. మామిడిపళ్ళ కాలంలో బుట్టెడు రసాలు పంపించాడు. బుట్ట వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చింది. ఆ తర్వాత బుల్లబ్బాయి కూతురి పెళ్ళికి పిలవకుండానే వెళ్ళాడు. విస్తరేసి అడిగడిగి వడ్డించారు గానీ బుల్లబ్బాయి పెదవి విప్పలేదు. ఆ తర్వాత ఇద్దరూ వంతెన మీద ఎదురుపడ్డారు. "బాగున్నావా?" అన్నాడు గవర్రాజు. బుల్లబ్బాయి నీళ్ళకేసి చూస్తూ వెళ్ళిపోయాడు. మరి వెళ్ళడూ? అన్నీ పట్టుకెళ్ళాడు గానీ, చెప్పాల్సిన ఆ ఒక్క మాటే పట్టుకెళ్ళలేదు ఈ మహానుభావుడు!

అలా నలభై ఏళ్ళు గడిచాయి. నిద్రపోయావా? లేదూ? సరే, విను.

గవర్రాజుకి లహరి అని మనవరాలు. బుల్లబ్బాయికి నాని అని మనవడు. పిల్లలకి పెద్దాళ్ళ గొడవలేం తెలుసు? అదే చేలో ఆట మొదలెట్టారు. అదే కొబ్బరిమట్ట, అదే పద్ధతి. ముసలాళ్ళిద్దరూ ఆ గట్టున ఒకరు, ఈ గట్టున ఒకరు కూచుని చూసేవాళ్ళు. లహరి బంతిని బాదితే గవర్రాజు ఈల వేసేవాడు. నాని బంతి వేస్తుంటే బుల్లబ్బాయి చెయ్యి దానంతటదే తిరిగేది. ఏం ముచ్చటో వాళ్ళకి!

ఒకనాడు అటొకరూ ఇటొకరూ తక్కువయ్యారు. "తాతా, నువ్వు రా!" అని పిల్లలు ఇద్దర్నీ లాక్కొచ్చారు. గవర్రాజు పంచె ఎగ్గట్టి బ్యాటు పట్టాడు. బుల్లబ్బాయి బంతి అందుకున్నాడు. అంపైరు ఎవరనుకున్నావు? లహరే!

మొదటి బంతి గవర్రాజుకి అందనే లేదు. రెండో బంతి మోకాలికి తగిలి, "అమ్మో" అన్నాడు. మూడో బంతి టిక్కుమంది. వెనకాల నాని పట్టేశాడు.

"ఔట్!" అని అటు పిల్లలంతా అరిచారు. లహరి తాత మొహం చూసింది. పాపం, తాత ఇప్పుడేగా వచ్చాడు అనుకుంది. "నాకేం వినపడలేదు" అంది.

అవే మాటలు! గవర్రాజు బ్యాటు కింద పెట్టాడు. తన చూపుడు వేలు తనే పైకెత్తాడు.

"ఔటేనే తల్లీ, నాకు వినపడింది" అన్నాడు. అని బుల్లబ్బాయి వైపు తిరిగాడు. "ఆవేళ కూడా వినపడిందిరా. గెలవాలని అబద్ధమాడాను. తప్పైపోయింది."

బుల్లబ్బాయి అక్కడే చతికిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటూ, "ఆ వేలెత్తడానికి నలభై ఏళ్ళు పట్టిందేంట్రా, వెధవా?" అన్నాడు.

ఆ సాయంత్రమే గవర్రాజు బిందె నెత్తిన పెట్టుకుని వంతెన దాటాడు. ఊరంతా నవ్వింది, నవ్వనీ. బుల్లబ్బాయి పెళ్ళాం బిందెని అటూ ఇటూ తిప్పి చూసి, "సొట్టలు పడ్డాక తెచ్చావా అన్నయ్యా?" అంది. అని, అందులో నీళ్ళు నింపి మొదటి గ్లాసు గవర్రాజుకే ఇచ్చింది.

మర్నాటి నుంచీ లహరి నిలబడితే, టిక్కుమంటే చాలు, తాతైనా తమ్ముడైనా వేలు లేచేది. ఏదీ, నీ చిట్టి వేలు ఇలా ఎత్తు? ఆఁ, అలాగ. ఇక దించి కళ్ళు మూసుకో బంగారూ.

బిందె దాటె వంతెన, బంతి దాటె గట్టు,
అలక దాటె కాలవ, కునుకు రెప్ప తట్టు.
కథేమో కంచి బండెక్కె, నువ్వు దుప్పటి పట్టు!